కణాలకు ఎదుగుదల నేర్పే విటమిన్

విద్యార్థులారా! విటమిన్ ఏ అనగానే మీకు కళ్ళు గుర్తుకొస్తాయి. చిన్నప్పుడు అంగన్‌వాడీలో ఆరు నెలలకొకసారి చెంచాతో పోసిన మందు రేచీకటి రాకుండా కాపాడేందుకే. ఇక్కడ తోంగ్‌పాల్‌లో ముంగా భాజీ అని పిలిచే మన మునగాకులోనూ, బొప్పాయిలోనూ ఉండే బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఏగా మార్చుకుంటుంది. ఆ విటమిన్ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లానికి మరో పని కూడా ఉంది. అది జన్యువులను మేల్కొలుపుతుంది.

మన తెల్ల రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. బడిలో తరగతులు దాటినట్లే అవి దశలు దాటి, పూర్తిగా ఎదిగాక రక్తంలోకి వస్తాయి. సూక్ష్మజీవులతో పోరాడి, కొద్ది రోజులకే చనిపోతాయి. ఆ స్థానంలోకి కొత్తవి వస్తాయి.

ఎదగడానికి కావలసిన సూచనలు జన్యువుల్లో ఉంటాయి. పొడవైన డి.ఎన్.ఏ. దారం హిస్టోన్లు అనే ప్రొటీన్ ఉండలకు చుట్టుకొని ఉంటుంది. చుట్ట బిగుతుగా ఉంటే కణం ఆ సూచనలను చదవలేదు, వదులైతే చదవగలదు. ఈ దారం మీద రెటినోయిక్ ఆమ్ల గ్రాహకం అనే ప్రొటీన్ కాపలాదారులా కూర్చుంటుంది. ఆమ్లం అందనప్పుడు, చుట్టను బిగించే ప్రొటీన్లను తన దగ్గర ఉంచుకుంటుంది. ఆమ్లం వచ్చి అతుక్కోగానే దాని ఆకారం మారుతుంది. బిగించేవి తప్పుకొని, వదులు చేసేవి వస్తాయి. జన్యువు తెరుచుకుంటుంది, కణం ఎదుగుతుంది.

బదిలీలు మనకు కొత్త కాదు. క్రోమోజోముల్లోనూ ఒక్కోసారి పొరపాటు బదిలీ జరుగుతుంది. 15వ క్రోమోజోము ముక్క 17వ దాని మీదికి, 17వ దాని ముక్క 15వ దాని మీదికి మారతాయి. ఈ మార్పును 1977లో అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ బృందం గుర్తించింది. దీనివల్ల కాపలాదారు మరో ప్రొటీన్‌తో అతుక్కుపోయి మొండిగా తయారవుతాడు. శరీరంలో మామూలుగా ఉండే ఆమ్లం అతణ్ణి కదిలించలేదు. కణాలు ప్రోమైలోసైట్ అనే దశలోనే ఆగిపోయి, మూలుగంతా నిండిపోతాయి. ఇదే అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా. చిగుళ్ళ నుంచి రక్తం కారడం, ఒంటిమీద కమిలిన మచ్చలు దీని లక్షణాలు. ఒకప్పుడు రోగులు కొద్ది రోజుల్లోనే, మెదడులో రక్తస్రావంతో చనిపోయేవారు.

రక్త క్యాన్సర్ మందుల చరిత్రలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి గొప్ప స్థానం ఉంది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా నయం కనిపించింది. ఆ మందు పెరిగే కణాలను ఆకలితో మాడ్చేది.

షాంఘైలో వాంగ్ జెన్ యీ అనే వైద్యుడు వేరే దారి పట్టారు. చెడిన కణాన్ని చంపడమెందుకు, ఎదిగేలా చేయలేమా అని ఆలోచించారు. 1985లో, ఇతర చికిత్సలకు లొంగని ఐదేళ్ళ పాపకు రెటినోయిక్ ఆమ్లంలో ఒక రకాన్ని పెద్ద మోతాదులో ఇచ్చారు. పాప కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది. 23 మందికి ఈ మందు ఒక్కటే పనిచేసింది. మోతాదు ఎక్కువ కావడంతో మొండి కాపలాదారు లొంగాడు, ఆ తర్వాత కణమే అతణ్ణి ముక్కలు చేసి పారేసింది. ఆగిన కణాలు ఎదిగి, మామూలు కణాల్లాగే ఆయుష్షు తీరి రాలిపోయాయి.

ఒక్క రెటినోయిక్ ఆమ్లంతోనే వాడితే వ్యాధి తరచుగా తిరగబెట్టేది. అందుకే దానికి ఇతర మందులు, ముఖ్యంగా ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ జోడించారు. మన చిత్తూరుకు దగ్గరలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఆర్సెనిక్‌తో చేసిన చికిత్స ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది. ఒకప్పుడు ప్రాణాంతకమైన ఈ వ్యాధి నేడు, సకాలంలో చికిత్స మొదలైతే, చాలామందికి పూర్తిగా నయమవుతోంది.

ఒక హెచ్చరిక! మునగాకు తింటే క్యాన్సర్ నయం కాదు. విటమిన్ ఏ మాత్రలు సొంతంగా మింగితే కాలేయం చెడుతుంది. ఒంటిమీద కారణం లేకుండా మచ్చలు కనిపించినా, చిగుళ్ళ రక్తం ఆగకపోయినా ఆ రోజే ఇంట్లో చెప్పండి. ఈ వ్యాధిలో ఒక్క రోజు ముందు వైద్యం అందినా ప్రాణం నిలవవచ్చు.