భాగం - 6 : వర్చువల్ మెషీన్ కాన్ఫిగరేషన్ ఫైలు: సవరణ తరవాత వచ్చే దోషాలు, సరిచేసే పద్ధతి

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- కాన్ఫిగరేషన్ ఫైలుకు, డిస్కు ఫైలుకు గల తేడాను వివరించగలుగుతారు.
- సవరణ తరవాత ఫైలు పాడవడానికి గల కారణాలను గుర్తించగలుగుతారు.
- డేటా పోకుండా వర్చువల్ మెషీన్‌ను తిరిగి నడిపించగలుగుతారు.

6.1 పరిచయం

గురజాలలో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఆమె లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ ఉంది. అందులోని లినక్స్ యంత్రంలో నాలుగు నెలల ప్రాజెక్టు పని ఉంది. ఎల్లుండి నరసరావుపేటలో ప్రాక్టికల్ పరీక్ష. యంత్రం నెమ్మదిగా నడుస్తోందని, మెమరీ పెంచడానికి ఆమె కాన్ఫిగరేషన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి 1024 అన్నచోట 2048 అని రాసి భద్రపరచింది. ఆ తరవాత వర్చువల్‌బాక్స్ తెరిస్తే యంత్రం పేరు దగ్గర 'ఇనాక్సెసిబుల్' అని కనిపించింది.

ఇలాంటప్పుడు చాలామంది ఆ యంత్రాన్ని తొలగించి కొత్తది తయారుచేసుకోవాలనుకొంటారు. తొలగించేటప్పుడు డిస్కు ఫైలును కూడా తొలగిస్తే నాలుగు నెలల పనీ పోతుంది. నిజానికి అప్పటివరకు ఆమె డేటాకు ఏమీ కాలేదు. ఎందుకో చూద్దాం.

6.2 కాన్ఫిగరేషన్ ఫైలు వేరు, డిస్కు ఫైలు వేరు

పట్టాదారు పాస్‌పుస్తకం వానకు తడిసి చినిగిపోయిందనుకోండి. మిరప చేను ఎక్కడికీ పోదు. పుస్తకాన్ని సరిచేయించుకొంటే చాలు. కాన్ఫిగరేషన్ ఫైలు పాస్‌పుస్తకం లాంటిది. యంత్రానికి ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు, ఏ డిస్కు ఎక్కడ ఉంది అన్న వివరాలు మాత్రమే అందులో ఉంటాయి. ఇది కొద్ది కిలోబైట్ల చిన్న పాఠ్య ఫైలు. మీ ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, ప్రాజెక్టు అన్నీ డిస్కు ఫైలులో ఉంటాయి.

- వర్చువల్‌బాక్స్: కాన్ఫిగరేషన్ 'డాట్ వీబాక్స్' ఫైలులో, డిస్కు సాధారణంగా 'డాట్ వీడీఐ' ఫైలులో ఉంటాయి.
- వీఎంవేర్: కాన్ఫిగరేషన్ 'డాట్ వీఎంఎక్స్' ఫైలులో, డిస్కు 'డాట్ వీఎండీకే' ఫైలులో ఉంటాయి.
- లినక్స్‌లో లిబ్‌విర్ట్: కాన్ఫిగరేషన్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో, డిస్కు తరచుగా 'క్యూకౌ2' ఫైలులో ఉంటాయి.

6.3 ఫైలు ఎందుకు పాడవుతుంది?

అ) నిర్మాణ దోషం: వర్చువల్‌బాక్స్, లిబ్‌విర్ట్ తమ కాన్ఫిగరేషన్‌ను ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తాయి. 1998లో వెలువడిన ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం ప్రకారం నిర్మాణంలో దోషం ఎదురైతే ఆ ఫైలును మామూలుగా చదవడం ఆపివేయాలి. అందుకే ఒక్క ఉల్లేఖన చిహ్నం పోయినా, తెరిచిన ట్యాగును మూయకపోయినా యంత్రం మొత్తం తెరుచుకోదు. పేరులో 'అండ్' గుర్తును నేరుగా టైప్ చేసినా ఇదే జరుగుతుంది.

ఆ) అక్షర దోషం: వర్డ్ వంటి ప్రోగ్రాములు నిటారు ఉల్లేఖన చిహ్నాలను వంపు చిహ్నాలుగా మారుస్తాయి. కంటికి రెండూ ఒకటే అనిపించినా కంప్యూటరుకు వేర్వేరు. తెలుగులో టైప్ చేసేవారు మరి రెండు విషయాలు గమనించాలి. మొదటిది, తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే 2048కి బదులు ౨౦౪౮ పడవచ్చు. రెండవది, 'ప్రాజెక్ట్' వంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని టైపింగ్ సాధనాలు కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. అలాంటి పేరున్న ఫోల్డరును ఫైలులో మళ్లీ టైప్ చేస్తే రెండూ సరిపోలకపోవచ్చు. అప్పుడు డిస్కు దొరకలేదన్న సందేశం వస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో 'ఏఎన్‌ఎస్ఐ' పద్ధతిలో భద్రపరిస్తే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఎప్పుడూ 'యూటీఎఫ్-8' ఎంచుకోవాలి.

ఇ) విలువ దోషం: నిర్మాణం సరిగానే ఉంటుంది, విలువ తప్పుగా ఉంటుంది. 2 గిగాబైట్ల మెమరీని వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ ఫైళ్లలో మెగాబైట్లలో 2048 అని రాస్తారు. లిబ్‌విర్ట్ ఫైలులో ప్రమాణం సాధారణంగా కిబిబైట్లలో ఉంటుంది, కాబట్టి 2097152 అని రాయాలి. అక్కడ 2048 అని రాస్తే యంత్రానికి 2 మెగాబైట్లే దక్కుతాయి, అది బూట్ కాదు. అంకెల మధ్య కామాలు పెట్టకూడదు.

ఈ) సమయ దోషం: వర్చువల్‌బాక్స్ నడుస్తుండగా ఫైలును మారిస్తే, అది తన దగ్గరున్న పాత వివరాలను మళ్లీ ఫైలుపై రాసివేయవచ్చు. అప్పుడు మీ మార్పు పోతుంది.

6.4 సరిచేసే క్రమం

1. ఏదీ తొలగించవద్దు. వర్చువలైజేషన్ ప్రోగ్రామును పూర్తిగా మూసివేయండి.
2. పాడైన కాన్ఫిగరేషన్ ఫైలుకు వేరే పేరుతో ఒక ప్రతి తీసి పెట్టుకోండి.
3. దోష సందేశాన్ని పూర్తిగా చదవండి. ఎక్స్‌ఎంఎల్ దోషమైతే పంక్తి సంఖ్య, నిలువు వరస సంఖ్య అందులో ఉంటాయి. తప్పు ఆ పంక్తిలో లేకపోతే దాని పై పంక్తిని చూడండి. మూయని ఉల్లేఖన చిహ్నం ప్రభావం తరచు తరవాతి పంక్తిలో బయటపడుతుంది.
4. తప్పు దొరకకపోతే పాత ప్రతికి వెళ్లండి. వర్చువల్‌బాక్స్ అదే ఫోల్డరులో 'డాట్ వీబాక్స్-ప్రెవ్' అనే ముందటి ప్రతిని ఉంచుతుంది. దానికి నకలు తీసి, ఆ నకలుకు అసలు ఫైలు పేరు పెట్టండి.
5. వీఎంవేర్‌లో పాత ప్రతి లేకపోతే అదే ఫోల్డరులోని లాగ్ ఫైళ్లు చూడండి. యంత్రం చివరిసారి సరిగా నడిచినప్పటి కాన్ఫిగరేషన్ పంక్తులు అందులో ఉంటాయి. వాటి ఆధారంగా ఫైలును తిరిగి రాయవచ్చు.
6. ఏదీ కుదరకపోతే కొత్త యంత్రాన్ని సృష్టించి, కొత్త డిస్కుకు బదులు ఉన్న డిస్కు ఫైలును జతచేయండి. ముందుగా డిస్కు ఫైలుకు నకలు తీయండి. స్నాప్‌షాట్లు ఉన్నట్లయితే మూల డిస్కును మాత్రమే జతచేసి నడపకూడదు. అలా చేస్తే దానిపై ఆధారపడిన స్నాప్‌షాట్లు పనికిరాకుండా పోతాయి.

6.5 నివారణ

మెమరీ, ప్రాసెసర్ల వంటి మార్పులను సాధ్యమైనంతవరకు ప్రోగ్రాములోని సెట్టింగ్స్ ద్వారానే చేయండి. లిబ్‌విర్ట్‌లో ఫైలును నేరుగా తెరవకుండా 'విర్ష్ ఎడిట్' ఆజ్ఞను వాడండి. ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. అది భద్రపరచే ముందు ఫైలును పరీక్షిస్తుంది. తప్పుంటే మళ్లీ సవరిస్తారా అని అడుగుతుంది. వద్దంటే పాత కాన్ఫిగరేషన్ అలాగే ఉంటుంది. నడుస్తున్న యంత్రానికి ఈ మార్పు వర్తించాలంటే దాన్ని పూర్తిగా ఆపి మళ్లీ ప్రారంభించాలి. నేరుగా సవరించక తప్పనప్పుడు ముందు ప్రతి తీసుకోండి, ఒకసారికి ఒక మార్పే చేయండి, వెంటనే యంత్రాన్ని నడిపి చూడండి.

6.6 సారాంశం

మన ఉదాహరణలోని విద్యార్థిని యంత్రాన్ని తొలగించలేదు. దోష సందేశంలోని పంక్తికి వెళ్లి, దాని పై పంక్తి కూడా చూసింది. 2048 రాసేటప్పుడు దాని పక్కనున్న ఉల్లేఖన చిహ్నం చెరిగిపోయింది. ఆ గుర్తును తిరిగి పెట్టగానే యంత్రం తెరుచుకొంది. కాన్ఫిగరేషన్ ఫైలు పాడైతే డేటా పోయినట్లు కాదు. తొందరపడి డిస్కు ఫైలును తొలగించినప్పుడే అసలు నష్టం జరుగుతుంది.

6.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వర్చువల్‌బాక్స్‌లో ముందటి కాన్ఫిగరేషన్ ప్రతి ఏ ఫైలులో ఉంటుంది?
2. లిబ్‌విర్ట్ ఫైలులో 1 గిగాబైట్ మెమరీని కిబిబైట్లలో ఎలా రాస్తారు?
3. స్నాప్‌షాట్లు ఉన్న యంత్రంలో మూల డిస్కును మాత్రమే జతచేసి ఎందుకు నడపకూడదు?
4. మీ కంప్యూటరులోని ఒక యంత్రం కాన్ఫిగరేషన్ ఫైలుకు నకలు తీసి, ఆ నకలులో మెమరీ, డిస్కు వివరాలు ఉన్న పంక్తులను గుర్తించండి.

జవాబులు: 1. 'డాట్ వీబాక్స్-ప్రెవ్' ఫైలులో. 2. 1048576. 3. మూల డిస్కు మారితే దానిపై ఆధారపడిన స్నాప్‌షాట్లు పనికిరావు.