ప్రతి దేశానికీ ఒక కేవైసీ ఉంటుంది
బ్రెజిల్ యాత్రికుల కాగితాలు - మన కౌంటర్‌కు పనికొచ్చే పాఠాలు

1962లో మన ఒంగోలు గిత్తలు కొన్ని ఓడెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. వాటిలో బాగా పేరు తెచ్చుకున్న ఒక గిత్తను అక్కడివాళ్ళు 'కర్వాది' అని పిలిచారు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. అయితే వాటిని నేరుగా పచ్చిక బయళ్ళకు తోలుకుపోలేదు. అట్లాంటిక్ సముద్రంలోని ఫెర్నాండో డి నొరోన్యా ద్వీపంలో కొంతకాలం విడిగా ఉంచి, ఏ రోగమూ లేదని తేల్చుకున్నాకే లోపలికి రానిచ్చారు. ఇవాళ బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అధికభాగం ఆ జాతి సంతతే. అక్కడ దాని పేరు 'నెలోరె', అంటే మన నెల్లూరే.

గిత్తకే తప్పని విచారణ మనిషికి తప్పుతుందా? మనం ఖాతా తెరిచేటప్పుడు ఎవరు, ఎక్కడ ఉంటారు, డబ్బు ఎక్కడిది అని అడిగినట్టే, ప్రతి దేశమూ తన గడప దగ్గర కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వీసా, టీకా పత్రం, అనుమతి లేఖ అన్నీ ఆ ప్రశ్నలకు జవాబులే. ప్రశ్న తెలిసినవాడు కాగితం మరచిపోడు. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి బ్రెజిల్ మంచి ఉదాహరణ. 10 పొరుగు ప్రాంతాలతో సరిహద్దు ఉన్న దేశం అది. అక్కడి పౌరుడు కొన్ని దేశాలకు గుర్తింపు కార్డుతోనే వెళ్ళగలడు, కొన్నింటికి వీసా లేకుండా వెళ్ళగలడు, కొన్నింటికి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాల్సిందే.

మొదటి ప్రశ్న: నువ్వెవరు?

1991లో అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే కలిసి మెర్కోసుర్ కూటమిని ఏర్పాటు చేసుకున్నాయి. తరువాత కుదిరిన ఒప్పందాల ఫలితంగా బ్రెజిల్ పౌరుడు ఆ మూడు దేశాలకే కాక బొలీవియా, చిలీ, పెరూ, కొలంబియా, ఈక్వెడార్‌లకు కూడా పాస్‌పోర్టు లేకుండా, తన జాతీయ గుర్తింపు కార్డుతో పర్యటనకు వెళ్ళవచ్చు.

ఇంత సులువైన చోటే చాలామంది బోల్తా పడతారు. డ్రైవింగ్ లైసెన్సు దేశం లోపల విమానం ఎక్కడానికి చెల్లుతుంది కదా అని అదే పట్టుకుని బ్యూనస్ ఎయిర్స్ బయల్దేరితే వెనక్కి రావాల్సిందే. జిరాక్సు కాపీ కూడా చెల్లదు. కార్డు అసలుదే అయినా చినిగిపోయినా, పదిహేనేళ్ళప్పటి ఫొటోకూ ఎదురుగా ఉన్న ముఖానికీ పోలిక లేకపోయినా అధికారి ఒప్పుకోకపోవచ్చు. కార్డు తీసుకుని పదేళ్ళు దాటితే కొత్తది చేయించుకోమని అక్కడ సలహా ఇస్తారు. పాత ఫొటో ఉన్న పాస్‌బుక్‌తో వచ్చిన ఖాతాదారును చూసి మనం తటపటాయించడం లాంటిదే ఇది.

రెండో ప్రశ్న: ఈ బిడ్డ ఎవరి బిడ్డ?

బ్రెజిల్‌లో 18 ఏళ్ళ లోపు పిల్లలు దేశం దాటాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ వెంట ఉండాలి. ఒక్కరే తీసుకువెళ్తుంటే రెండోవారి లిఖిత అనుమతి కావాలి. ఆ సంతకాన్ని నోటరీ కార్యాలయం ధ్రువీకరించాలి. అది కుదరకపోతే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఈ అనుమతిని అందులో ముద్రించమని కోరే వీలూ ఉంది.

ఈ కాగితం అడిగేది వెళ్ళబోయే దేశం కాదు, సొంత దేశమే. భార్యాభర్తల గొడవల్లో పిల్లలను చెప్పకుండా దేశం దాటించడాన్ని, పిల్లల అక్రమ రవాణాను ఆపడం దీని ఉద్దేశం. టికెట్లు, హోటళ్ళు, వీసాలు అన్నీ సిద్ధం చేసుకుని, భర్త సంతకం ఒక్కటి మరచిపోయిన తల్లి పిల్లవాడితో సహా విమానాశ్రయం నుంచి ఇంటికి తిరిగి రావాల్సిందే.

మూడో ప్రశ్న: జబ్బు తెస్తున్నావా?

2016 చివర మొదలై 2018 దాకా బ్రెజిల్‌లో ఎల్లో ఫీవర్ తీవ్రంగా వ్యాపించింది. టీకా అందరికీ సరిపోదని 2018లో కొన్ని రాష్ట్రాల్లో 0.5 మిల్లీలీటర్ల పూర్తి మోతాదుకు బదులు 0.1 మిల్లీలీటరు మాత్రమే ఇచ్చారు. అది రక్షణ ఇచ్చింది కానీ, అంతర్జాతీయ ధ్రువపత్రానికి పనికిరాలేదు. విదేశాలకు వెళ్ళేవారు ప్రయాణ ఆధారం చూపి పూర్తి మోతాదు తీసుకోవాల్సి వచ్చింది. ధ్రువపత్రం టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జులై 11 నుంచి అది జీవితకాలం చెల్లుతోంది.

ఈ విషయంలో మన దేశం చాలా కచ్చితంగా ఉంటుంది. బ్రెజిల్ నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇక్కడ దిగినవారి దగ్గర ఈ పత్రం లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. కారణం ఉంది. ఎల్లో ఫీవర్‌ను పట్టణాల్లో వ్యాపింపజేసేది ఈడిస్ దోమ, మనకు డెంగీ తెచ్చే దోమే. దోమ మన దగ్గర ఉంది, వైరస్ లేదు. మన జనానికి ఆ జబ్బును తట్టుకునే శక్తీ లేదు. ఒక్క రోగి చాలు ముప్పు మొదలవడానికి.

ఈ నిబంధన విదేశీయులకే కాదు, తిరిగొచ్చే మనవాళ్ళకూ వర్తిస్తుంది. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ళ క్రితం నేను ఫారెక్స్ డెస్కులో ఉండగా ఒక యువ ఇంజనీరు కంపెనీ పని మీద సావో పాలో వెళ్తూ మా దగ్గర ట్రావెల్ కార్డు తీసుకున్నాడు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ అన్నీ చూశాను. ఫారాలు తప్పు లేకుండా నింపించాను. టీకా సంగతి నాకూ తట్టలేదు, అతనికీ తెలియదు. తిరుగు ప్రయాణంలో అతణ్ణి విమానాశ్రయంలో ఆపి క్వారంటైన్‌కు పంపారు. మూడో రోజున చెల్లెలి నిశ్చితార్థం. ఫోన్లో వీడియో చూశాడట. మిగిలిన డబ్బు వెనక్కి మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఈ సంగతి నవ్వుతూనే చెప్పాడు, నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే నాకు ఇంకా గుర్తుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ఆ ఒక్క ముక్క నేను ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

నాలుగో ప్రశ్న: ఎన్నాళ్ళు ఉంటావు?

యూరప్‌లోని షెంగెన్ దేశాలకు బ్రెజిల్ పర్యాటకుడికి వీసా అక్కర్లేదు. కానీ ఏ రోజున లెక్క చూసినా, వెనకటి 180 రోజుల్లో అక్కడ గడిపినవి 90 రోజులు మించకూడదు. తొంభై రోజులు అనగానే మనకు ఎన్‌పీఏ గుర్తొస్తుంది. ఇక్కడా లెక్క అంతే కఠినం. పోర్చుగల్‌లో 60 రోజులుండి, ఇంటికి వచ్చి నెల గడిపి, మళ్ళీ ఇటలీలో 40 రోజులున్నవాడు పరిమితి దాటినట్టే. దేశం మారినా, మధ్యలో ఇంటికొచ్చినా లెక్క మొదటికి రాదు. 2025 అక్టోబర్ 12 నుంచి అక్కడ రాకపోకలను వేలిముద్రలు, ఫొటోతో కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి మొదలైంది. ముద్ర సరిగా పడలేదనే సాకు ఇక చెల్లదు.

వీసా మినహాయింపు యాత్రికుడి మంచితనాన్ని బట్టి రాదు, రెండు ప్రభుత్వాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాన్ని బట్టి వస్తుంది. 2023 సెప్టెంబర్ 30 నుంచి బ్రెజిల్, జపాన్ పరస్పరం వీసా ఎత్తివేశాయి. అమెరికా మాత్రం బ్రెజిల్ వారిని వీసా అడుగుతూనే ఉంది కనుక, 2019లో అమెరికన్లకు తానిచ్చిన మినహాయింపును బ్రెజిల్ 2025 ఏప్రిల్ 10 నుంచి వెనక్కి తీసుకుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. జపాన్‌కు వీసా అక్కర్లేదని అమెరికా మీదుగా టికెట్ కొంటే, అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి. చవక టికెట్ చివరికి ఖరీదైనదిగా తేలుతుంది. గమ్యం ఒక్కటే కాదు, దారి కూడా చూసుకోవాలి.

మన దేశానికి వచ్చే బ్రెజిల్ పర్యాటకులు ఇ-వీసా తీసుకోవచ్చు. దానితో శంషాబాద్‌లోనూ దిగవచ్చు.

ఐదో ప్రశ్న: డబ్బు ఎలా?

మనకు బాగా తెలిసిన విషయం ఇది. బ్రెజిల్‌లో విదేశీ మారకంపై ఐఓఎఫ్ అనే పన్ను ఉంది. విదేశాల్లో వాడే క్రెడిట్ కార్డు మీద 2022 దాకా అది 6.38 శాతం. ఏడాదికి ఒక శాతం చొప్పున తగ్గిస్తూ 2028కి సున్నా చేయాలనుకున్నారు. 2025 మొదట్లో 3.38కి దిగింది. అదే ఏడాది మే నెలలో ప్రభుత్వం దాన్ని 3.5 శాతం చేసి, అప్పటిదాకా 1.1 శాతమే ఉన్న నగదు కొనుగోలుకూ అదే రేటు పెట్టింది. జూన్‌లో పార్లమెంటు కొట్టేసింది, జులైలో సుప్రీంకోర్టు చాలావరకు పునరుద్ధరించింది. రెండు నెలల్లో మూడు మలుపులు! ముందే బడ్జెట్ వేసుకున్నవారి లెక్కలు తలకిందులయ్యాయి. మన ఎల్‌ఆర్‌ఎస్‌లో వసూలు చేసే టీసీఎస్‌కూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. టీసీఎస్‌ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఐఓఎఫ్ తిరిగి రాదు.

10 వేల డాలర్లకు మించిన నగదుతో సరిహద్దు దాటే ఎవరైనా బ్రెజిల్ కస్టమ్స్‌కు ముందే తెలియజేయాలి. విమానంలో తిరిగొచ్చేటప్పుడు 1,000 డాలర్ల విలువ దాటిన కొనుగోళ్ళపై, దాటిన మేరకు, 50 శాతం సుంకం పడుతుంది.

బ్రెజిల్ వారికి 2020 నవంబర్‌లో వచ్చిన 'పిక్స్' మన యూపీఐ లాంటిది. దానికి అలవాటుపడినవారు మన దేశంలో చిల్లర లేక ఇబ్బంది పడతారు. విదేశీ సందర్శకుల కోసం 'యూపీఐ వన్ వరల్డ్' అనే ప్రీపెయిడ్ వాలెట్ ఉందని మన కౌంటర్‌కు వచ్చిన విదేశీయుడికి చెప్పడం మంచిది.

మరికొన్ని చిన్న సంగతులు

కార్డు మెషీను "మీ దేశం కరెన్సీలోనా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. లేకపోతే వ్యాపారి తరఫు బ్యాంకు చెప్పిన రేటు కట్టాలి. ఇది మన ఖాతాదారులకూ వర్తిస్తుంది.

సావో పాలో, రియోల్లో కరెంటు 127 వోల్టులు. అక్కడి హెయిర్ డ్రయర్ మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే క్షణంలో కాలిపోతుంది. ప్లగ్గు పిన్నుల ఆకారమూ వేరే, అడాప్టర్ ఉండాలి.

పోర్చుగల్, ఇటలీ, కేప్ వెర్డీలతో బ్రెజిల్‌కు వైద్య ఒప్పందం ఉంది. ఇంటి దగ్గరే ఉచితంగా ఒక ధ్రువపత్రం తీసుకువెళ్తే అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో స్థానికులతో సమానంగా చికిత్స అందుతుంది. అయినా ప్రయాణ బీమా తీసుకోవడమే క్షేమం. శవాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చులాంటివి ఒప్పందంలోకి రావు.

నిబంధనలు మారుతూనే ఉంటాయి. టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఇంకోసారి ఆయా దేశాల ఎంబసీ సమాచారం చూసుకోవాలి.

మన కౌంటర్‌లో ఫారం ఎ2 నింపించడంతో మన బాధ్యత తీరుతుంది, కాగితం మీద అంతే. కానీ బ్రెజిల్, పెరూ, కెన్యా వంటి దేశాలకు వెళ్ళే ఖాతాదారు ఎదురుగా కూర్చున్నప్పుడు నేను ఇప్పుడు ఏ ఫారంలోనూ లేని రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. "ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా? పది రోజులు దాటిందా?" అర నిమిషం పట్టదు. మీరూ అడగండి.