ఎండ్రకాయలో పురుగు... ఊపిరితిత్తుల్లోకి ఎలా వస్తుంది?

మాది అనంతపురం జిల్లా వజ్రకరూరు. వాన పడితే చాలు, పెద్దోళ్లు చేలల్లో వజ్రాలు వెతుకుతారు. మేం పిల్లలం మాత్రం వంకలో ఎండ్రకాయలు వెతికేవాళ్లం. జలుబు చేస్తే మా అవ్వ వాటిని దంచి, మిరియాలేసి, బాగా మరగకాచి రసం పోసేది. ఆ మరగకాచడం ఎంత ముఖ్యమో బెంగళూరులో జాబ్ చేసేటప్పుడు తెలిసింది.

నా రూమ్మేట్‌ది మణిపూర్. దగ్గితే తెమడలో రక్తం. టీబీ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగాడు, తగ్గలేదు. చివరికి ఒక డాక్టర్ అడిగారు, "పచ్చి పీతలు తిన్నావా?" అని. తిన్నాడు! తెమడను మైక్రోస్కోప్ కింద పెడితే పురుగు గుడ్లు కనిపించాయి.

దాని పేరు పారాగోనిమస్. చదునైన పురుగుల జాతి, సైజు కాఫీ గింజంత. 1878లో మొదట వర్ణించింది ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయిన బెంగాల్ పులి ఊపిరితిత్తుల్లో దొరికినవాటిని చూసే.

ఇప్పుడు అసలు పాయింట్. ఇది అన్నిచోట్లా ఎందుకు లేదు? కోడ్ భాషలో చెప్తా, దీనికి మూడు డిపెండెన్సీలు. తెమడలోని గుడ్డు నీళ్లలో పడాలి, పొదగడానికే రెండు మూడు వారాలు. పిల్లపురుగు సరైన రకం నత్తలో పెరగాలి. తర్వాత పీతలోకో, క్రేఫిష్‌లోకో చేరాలి. దాన్ని మనిషో, జంతువో పచ్చిగా తినాలి. ఒక్కటి మిస్సయినా బిల్డ్ ఫెయిల్!

అందుకే మన దేశంలో ఇది ముఖ్యంగా కొండవాగులుండే మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్‌లో కనిపిస్తుంది. ఇండియాలో సహజంగా క్రేఫిష్ లేదు, ఇక్కడ ఆ డ్యూటీ పీతది. క్రేఫిష్ అంటే చిన్న లాబ్‌స్టర్‌లా ఉండే మంచినీటి జీవి. కొరియాలో ఒకప్పుడు తట్టు పోసిన పిల్లలకి దాని పచ్చి రసం తాగించేవాళ్లు, జబ్బు అలా వచ్చేది. అమెరికాలోని మిస్సోరీలో 2006 నుంచి 2010 మధ్య 9 మందికి వచ్చింది, పచ్చివో సరిగ్గా ఉడకనివో క్రేఫిష్ తిని.

మందుందా అంటే ఉంది, ప్రాజిక్వాంటెల్. సాధారణంగా రెండు మూడు రోజుల కోర్సే. కానీ టీబీ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. పచ్చి పీత తిన్న సంగతి మాత్రం డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. నా రూమ్మేట్‌ని ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగుంటే అన్ని నెలలు పోయేవి కావు.

ఎండ్రకాయ తినొద్దనట్లేదు ఫ్రెండ్స్. మా అవ్వలా మరగనివ్వండి, అంతే.