ఆగని సెగ

నిప్పును లొంగదీసుకున్న నాటి నుండి మానవుణ్ణి వెంటాడుతున్న చిక్కు ఒకటి ఉంది. మంటను రాజేయడం సులభం. తగిన సమయానికి దానిని ఆపడం కష్టం. నాగరికత పెరిగిన కొద్దీ మనిషి ఆ ఆపే పనిని తన చేతి నుండి యంత్రానికి అప్పగించాడు. ఆ యంత్రం ఒక దినం తన విధిని నెరవేర్చకపోతే ఏమి జరుగుతుంది? అప్పుడు ఇంటివారు ఏమి చేయాలి? స్నానాల గదిలో గోడకు బిగించిన గీజరును పరిశీలిస్తే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

కాగు నుండి గీజరు వరకు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు ఉత్తర తెలంగాణలోనివి. పూర్వం నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లాలో భాగమయ్యాయి. ఇక్కడి చలికాలం తీవ్రమైనది. మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు, కొన్ని దినాలలో అంతకన్న దిగువకు పడిపోతుంది. వేడినీళ్లు లేనిదే పిల్లలకు, వృద్ధులకు స్నానం సాగదు.

ఒకప్పుడు ఇంటి పెరట్లో మూడురాళ్ల పొయ్యి, దానిమీద నీళ్ల కాగు కనిపించేవి. కలిగినవారి ఇళ్లలో రాగి బాయిలరు ఉండేది. నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీరు, పైన వదులైన మూత, పక్కన కుళాయి. ఇదే దాని నిర్మాణం. ఈ రెండు సాధనాలకూ ఒక సుగుణం ఉంది. కట్టె కాలిపోతే మంట తనంత తానే ఆరిపోతుంది. నీరు తెర్లినా ఆవిరి మూత సందుల నుండి వెలుపలికి పోతుంది. ఆపవలసిన పనిని అక్కడ ప్రకృతియే చేసిపెడుతుంది.

విద్యుత్తుకు ఈ గుణం లేదు. తీగలో కరెంటు ఉన్నంతసేపు వేడి పుడుతూనే ఉంటుంది. బకెట్టులో వేలాడదీసే సాధారణమైన హీటర్ రాడ్డుకు ఆగడమనేది తెలియదు. పక్కన నిలిచిన మనిషే దానికి కాపలా. గీజరు అటువంటిది కాదు. అది మూసి ఉన్న పాత్ర. లోపల ఏమి జరుగుతున్నదో కంటికి కనిపించదు. అందువల్ల ఆగే గుణాన్ని దానికి మనిషి కల్పించవలసి వచ్చింది.

గీజరు అనే మాటకు మూలం ఐస్‌లాండు దేశంలోని ‘గేసిర్’ అనే వేడినీటి బుగ్గ. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ గ్యాసుతో నీటిని వేడిచేసే పరికరాన్ని రూపొందించి, దానికి ఆ పేరు పెట్టాడు. అంతకుముందే, 1830లో, ఆండ్రూ యూర్ అనే స్కాట్లాండు రసాయన శాస్త్రవేత్త వేడిని అదుపుచేసే సాధనానికి పేటెంటు పొందాడు. దానికి ‘థర్మోస్టాట్’ అని పేరు పెట్టినవాడు కూడా అతడే. నేటి గీజరులో వేడినిచ్చే భాగం ఒకటి, దానిని ఆపే భాగం మరొకటి. రెండవది ఎంత ముఖ్యమో అది చెడినప్పుడే తెలుస్తుంది.

ఆగే విధానం

గీజరు లోపలి తొట్టిలో లోహపు తొడుగు గల కాయిలు నీటిలో మునిగి ఉంటుంది. తొడుగులోని తీగ సాధారణంగా నికెల్, క్రోమియంల మిశ్రమమైన నిక్రోంతో చేసినది. తొట్టి చుట్టూ వేడి బయటికి పోకుండా కాపాడే పొర ఉంటుంది. కాయిలు పక్కనే థర్మోస్టాటు కాడ నీటిలోకి చొచ్చుకొని ఉంటుంది.

చాలా గీజర్లలో ఈ కాడ ఒక ఇత్తడి గొట్టం. దానిలోపల ఇన్వార్ అనే మిశ్రమలోహపు కడ్డీ ఉంటుంది. వేడికి ఇత్తడి బాగా వ్యాకోచిస్తుంది. ఇన్వార్ దాదాపు వ్యాకోచించదు. నీరు వేడెక్కిన కొద్దీ గొట్టం సాగి, కడ్డీని తనతో లాగుతుంది. నిర్ణయించిన ఉష్ణోగ్రత రాగానే ఆ కదలిక స్విచ్చు మొనలను విడదీస్తుంది. కరెంటు ఆగుతుంది, దీపం ఆరుతుంది. నీరు చల్లబడితే గొట్టం కుదించుకొని మొనలు మళ్లీ కలుస్తాయి. ఇన్వార్‌ను 1896లో కనుగొన్న ఛార్లెస్ ఎడ్వర్డ్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అంతటి పరిశోధన నేడు సామాన్యుని స్నానాల గదిలో పనిచేస్తున్నది.

థర్మోస్టాటు చెడితే ఆదుకొనడానికి మరి రెండు రక్షణలు ఉంటాయి. మొదటిది థర్మల్ కటౌటు. నీరు హద్దుమీరి వేడెక్కితే ఇది కరెంటును తెంచుతుంది. రెండవది పీడనాన్ని విడుదలచేసే వాల్వు. కరెంటు ఎంతకూ తెగక తొట్టిలో పీడనం పెరిగితే ఇది తెరుచుకొని నీటిని, ఆవిరిని బయటికి వదులుతుంది.

ఎంతసేపటికి ఆగాలి?

గీజరు ఆగడం లేదని తేల్చడానికి ముందు అది ఎప్పుడు ఆగవలసి ఉన్నదో తెలియాలి. ఇందుకు చిన్న లెక్క చాలు. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 2,500 కిలోజౌళ్ల శక్తి, అంటే 0.7 యూనిట్ల విద్యుత్తు అవసరం. 2,000 వాట్ల గీజరు దీనిని దాదాపు 21 నిమిషాలలో అందిస్తుంది. అప్పటికీ ఆగకపోతే మరో 21 నిమిషాలకు ఆ నీరు 100 డిగ్రీలకు చేరుతుంది. సురక్షితమైన గీజరుకు, మరిగే కుండకు నడుమ ఉన్న వ్యవధి ఇంతే.

అయితే ఈ లెక్క 230 వోల్టుల సరఫరాకు వర్తిస్తుంది. తెల్లవారుజామున అన్ని ఇళ్లలోను ఒకేసారి వాడకం పెరిగితే వోల్టేజి పడిపోవచ్చు. కాయిలు ఇచ్చే వేడి వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 180 వోల్టులే వస్తే 2,000 వాట్ల కాయిలు సుమారు 1,225 వాట్లే ఇస్తుంది. 21 నిమిషాల పని 34 నిమిషాలు పడుతుంది. ఇది గీజరు దోషం కాదు.

మూడు లక్షణాలు, మూడు కారణాలు

ఎల్లారెడ్డిలో ఒక ఇల్లు ఉన్నదనుకోవాలి. వేకువన వేసిన గీజరు గంట దాటినా ఆగలేదు. ఇంటివారు మొదట చూడవలసినవి రెండే: దీపం వెలుగుతున్నదా, నీరు ఎంత వేడిగా ఉన్నది? ఈ రెండింటిని జోడిస్తే కారణం చాలావరకు బయటపడుతుంది.

దీపం వెలుగుతూ, నీరు గోరువెచ్చగానే ఉండడం మొదటి లక్షణం. ఇక్కడ థర్మోస్టాటు తప్పులేదు. నిర్ణయించిన వేడి ఇంకా రాలేదు కనుక అది ఆపలేదు. వోల్టేజి తగ్గిందా, వేడినీటి కుళాయి కారుతున్నదా అని చూడాలి. కారిన వేడినీటి స్థానంలో చన్నీరు వచ్చి చేరుతూ ఉంటే గీజరుకు విశ్రాంతి ఉండదు.

దీపం వెలుగుతూ, నీరు పొగలు కక్కడం రెండవ లక్షణం. థర్మోస్టాటు మొనలు అతుక్కుపోయి ఉండవచ్చు. 2,000 వాట్ల గీజరులో ఆ మొనల గుండా దాదాపు 9 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. అవి విడివడే ప్రతిసారి చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి ఆ రవ్వలకు కరిగి, మొనలు ఒక దినం ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీరు మరగకముందే ఈ లక్షణం కనిపించి, ఉష్ణోగ్రతను మార్చే మీట గీజరు బయటే ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. పొడిచేతితో మీటను కనిష్ఠ స్థానానికి తిప్పాలి. దీపం ఆరితే థర్మోస్టాటు పనిచేస్తున్నది, మీట ఎక్కువలో పెట్టి ఉన్నది. ఆరకపోతే మొనలు విడిపోవడం లేదు. వెంటనే కరెంటు తీసివేయాలి.

ఈ లక్షణానికి నీరు కూడా కారణం కావచ్చు. రాతినేలల్లోని బోరుబావుల నీరు చాలాచోట్ల కఠినజలం. దానిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేటుగా కాయిలుపై, థర్మోస్టాటు కాడపై తెల్లని పెచ్చుగా పేరుకుంటుంది. పెచ్చు కట్టిన కాడకు నీటి వేడి ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యంలో నీరు హద్దు దాటుతుంది. పెచ్చు కింద కాయిలు మితిమీరి కాగి త్వరగా చెడిపోతుంది.

దీపం ఆరి ఉన్నా నీరు వేడెక్కుతూ ఉండడం మూడవ లక్షణం. మూడింటిలో ఇదే ప్రాణాంతకమైనది. ఇంటి వైరింగులో ఫేజు, న్యూట్రలు తారుమారైతే, థర్మోస్టాటు న్యూట్రలును మాత్రమే తెంచుతుంది. కాయిలులో ఫేజు అలాగే నిలిచి ఉంటుంది. ఆ కాయిలు తొడుగు ఎక్కడైనా చిట్లితే కరెంటు నీటిలోకి, ఎర్తు తీగలోకి దారి చేసుకుంటుంది. గీజరు ఆగినట్లు కనిపిస్తూనే పనిచేస్తుంది. ఎర్తు సరిగా లేని ఇంట్లో ఆ కరెంటుకు స్నానం చేసే మనిషే దారి అవుతాడు. కుళాయి ముట్టుకుంటే ఏ మాత్రం జిల్లుమన్నా ఈ దోషాన్ని శంకించాలి.

తక్షణ కర్తవ్యం

గీజరు ఆగలేదని గుర్తించిన క్షణంలో కారణాన్ని వెదకడం కన్న కరెంటును తెంచడం ముఖ్యం. తడిచేతితో గదిలోని స్విచ్చును తాకరాదు. స్విచ్చు న్యూట్రలులో ఉంటే అది ఆపినా గీజరులో ఫేజు నిలిచే ఉంటుంది. బోర్డు దగ్గర గీజరుకు సంబంధించిన ఎం.సి.బి.ని, అది ఏదో తెలియకపోతే మెయిన్‌నే దించాలి.

తరువాత వేడినీటి కుళాయిని విప్పరాదు. 60 డిగ్రీల నీరే కొన్ని సెకన్లలో చర్మాన్ని తీవ్రంగా కాల్చుతుంది. మరిగిన నీరు ఆవిరితో కలిసి చిమ్ముతుంది. వాల్వులను తిప్పరాదు. గీజరు నుండి బుసబుస శబ్దం వస్తుంటే గది విడిచి, తలుపు దగ్గరికి వేసి, ఎవరినీ లోపలికి పోనీయకూడదు. తొట్టి చుట్టూ వేడిని ఆపే పొర ఉన్నందున నీరు చల్లబడడానికి చాలా గంటలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టడమే ఉత్తమం.

నీరు వేడెక్కేటప్పుడు పీడనపు వాల్వు నుండి కొన్ని చుక్కలు రాలడం మాత్రం దోషం కాదు. 20 నుండి 60 డిగ్రీలకు చేరిన నీరు దాదాపు ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తుంది. 15 లీటర్లకు అది పావులీటరుకు కొంచెం తక్కువ. చుక్కలు పడుతున్నాయని ఆ వాల్వు మూతికి బిరడా కొట్టడం, కటౌటు మాటిమాటికి తెగుతున్నదని దానిని తప్పించి తీగలను నేరుగా కలపడం కొన్నిచోట్ల కనిపించే పొరపాట్లు. గీజరు ప్రమాదకరం అయ్యేది ఒక్క థర్మోస్టాటు చెడినప్పుడు కాదు. దాని వెనుక ఉన్న రక్షణలను మనిషి తన చేతితో తొలగించినప్పుడు.

ఎల్లారెడ్డికి సమీపంలోని పోచారం జలాశయాన్ని ఎరిగినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. నిండిన నీటికి అక్కడ మత్తడి దారి చూపుతుంది. 2025 ఆగస్టు చివరివారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన కుండపోతకు ఆ మత్తడి మీదుగా వరద ఉప్పొంగి పారింది. నిండిన చెరువుకు మత్తడి మూసే రైతు ఎక్కడా ఉండడు. గీజరు వాల్వు కూడా మత్తడియే.

మరమ్మతు పని తెలిసిన ఎలక్ట్రీషియనుది. ఇంటివారు చేయవలసినది అతనికి లక్షణాలను సరిగా చెప్పడం, థర్మోస్టాటుతో పాటు కటౌటును, వాల్వును, ఎర్తును, ఫేజు వరుసను పరీక్షించమని కోరడం. కఠినజలం వాడే ఇళ్లలో ఏటేటా తొట్టిలోని పెచ్చు తీయించాలి. గీజరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడాలి. ఫేజును, న్యూట్రలును ఒకేసారి తెంచే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును ఆపే ఆర్.సి.సి.బి. ఉంటే మూడవ లక్షణపు ముప్పు చాలావరకు తొలగిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంతను ఎండాకాలంలోను తడిగా ఉంచాలి.

దేశం మారినా తర్కం ఒక్కటే

ఈ ఆలోచనా విధానం గీజరుకే పరిమితం కాదు. చదువులకు, ఉద్యోగాలకు అమెరికా, బ్రిటన్ వంటి చలిదేశాలకు వెళ్లిన తెలుగువారిలో చాలామందికి ఇంటినే వేడిచేసే బాయిలరు పరిచయమే. అది నీటిని కాచి, గొట్టాల ద్వారా గదులలోని రేడియేటర్లకు పంపుతుంది. గది గోడపై ఉన్న థర్మోస్టాటు ‘వేడి కావాలి’ అని అడుగుతుంది. దాని పిలుపుతో రిలే అనే స్విచ్చు బాయిలరును నడుపుతుంది. గదులు ఉడికిపోతున్నా అది ఆగకపోతే పనివాడు మొదట వేసే ప్రశ్న ఒక్కటే: పిలుపు ఇంకా వస్తున్నదా, లేక పిలుపు లేకుండానే యంత్రం నడుస్తున్నదా? థర్మోస్టాటును కనిష్ఠానికి తగ్గించినా ఆగకపోతే, దాని తీగను విడదీసి చూస్తాడు. అప్పుడు ఆగితే దోషం థర్మోస్టాటులోనో తీగలోనో ఉన్నది. అప్పటికీ ఆగకపోతే రిలేలోనో, నీటిని మళ్లించే వాల్వులోనో ఉన్నది. ఎల్లారెడ్డి ఇంటిలో మీటను తిప్పి దీపాన్ని చూసిన పరీక్షకు, దీనికి తేడా లేదు. ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చి, ఫలితాన్ని గమనించడమే రెండింటికీ మూలసూత్రం.

కాగు కింద మంట పెట్టిన నాటి గృహిణి పొయ్యిని విడిచి దూరంగా పోయేది కాదు. గీజరు ఆమెకు తీరిక కల్పించింది; ఆ తీరిక మంచిదే. కాని యంత్రం తన కాపలాను తానే చేసుకుంటుందన్న భరోసాతో మనిషి కాపలాను పూర్తిగా విడిచిపెట్టరాదు. వేకువన గీజరు వేసినవారు అది ఆగవలసిన వ్యవధి దాటాక ఒకసారి ఆ చిన్న దీపం వంక చూస్తే చాలు. అది ఆరి ఉండడం ఇంటికి క్షేమం. ఆరకుండా ఉండడం ఇంటికి హెచ్చరిక.