మూలము చూపు విధము

ఇంట పరిశోధన చేయుచున్న యువకులున్నచో ఈ ప్రశ్న ఒకనాడు మీ చెవిని బడియే యుండును: వ్యాసములో ఆధారములను ఏ పద్ధతిలో చూపవలెను?

నాకు జరిగినది మొదట చెప్పెదను. ఒక ప్రసంగము సిద్ధపరచుచు, ఒకానొక సిద్ధాంతవ్యాసమున ఉదాహరించిన తిక్కనగారి పద్యమును మూలముతో సరిచూడగోరితిని. అడుగున "భారతము, పుట 212" అని మాత్రమే యున్నది. ఏ పర్వము? ఎవరి ముద్రణ? గ్రంథాలయమున రెండు సాయంకాలములు గడచినవి. పద్యము దొరకలేదు. ప్రసంగమునుండి దానిని తొలగింపవలసి వచ్చినది.

వావిళ్లవారి ప్రతిలోని పుట దేవస్థానమువారి ప్రతిలో అక్కరకు రాదు. మన పండితులు ఈ చిక్కు నెరిగినవారే. కనుకనే పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య చెప్పుట వారి అలవాటు. "విరాట. 2-45" అన్నచో ఏ ముద్రణ చేత నున్నను ఆ చోటు చేరవచ్చును. సంఖ్య ఒకటి రెండు అటునిటైనను పద్యము ఆ చెంతనే యుండును.

వచనగ్రంథములకు ఈ సదుపాయము లేదు. అచ్చట పుట చెప్పక తప్పదు, పుటతో ముద్రణయు చెప్పక తప్పదు. చరిత్ర, సాహిత్యము వ్రాయువారు దీనిని అధోజ్ఞాపికలో ఉంతురు. విజ్ఞానశాస్త్రములవారికి సంవత్సరము ముఖ్యము. పదేండ్లనాటి ఫలితమా, నిన్నటిదా అన్నది చదువరికి వెంటనే తెలియవలెను. 1881లో హార్వర్డు విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ రచయిత పేరును, సంవత్సరమును వాక్యమునందే కుండలీకరణములలో చూపెను. నేడు హార్వర్డు పద్ధతి యనునది ఇట్టిదే. మీ శాఖవారు ఒక పద్ధతిని విధించినచో అదియే మీకు పద్ధతి. విధింపనిచో విషయమునుబట్టి ఒకటి ఎన్నుకొని, తుదివరకు దానినే పాటింపుడు.

మన పేర్లతో మాత్రము జాగ్రత్త. పాశ్చాత్యులకు వంశనామము చివర నుండును గనుక పట్టికలో దానిని ముందునకు త్రిప్పుదురు. మనకు ఇంటిపేరు ముందే యున్నది. యంత్రమువలె త్రిప్పినచో సురవరం ప్రతాపరెడ్డిగారు "రెడ్డి, సురవరం ప్రతాప" అగుదురు! ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడినది; వ్యాసములో "సురవరం 1949" అన్న చాలును. మీ చేతిలోనిది తరువాతి ముద్రణయైనచో ఆ ముద్రణ సంవత్సరమును గూడ చేర్పుడు. మీరిచ్చు పుట దానిలోనిదే గదా.