ఇల్లు సర్దడమూ ఒక ఉపాధే

డిగ్రీ చేతికి రాగానే మనలో చాలామంది చూపు నోటిఫికేషన్ల మీదే ఉంటుంది. పరీక్షలు రాస్తూ, ఫలితాల కోసం ఎదురుచూస్తూ గడిచే ఏళ్లలో ఇంటికి భారం కాకుండా నిలబడటం ఎలా? తక్కువ పెట్టుబడితో ఇంటినుంచే ప్రారంభించగల ఒక పనిని ఇక్కడ వివరిస్తున్నాం. అదే ప్రొఫెషనల్ ఆర్గనైజింగ్. అంటే, రుసుము తీసుకుని ఇతరుల ఇళ్లు, ఆఫీసులు సర్దిపెట్టడం.

అమెరికాలో ఈ వృత్తివారు 1980లలోనే జాతీయ సంఘం పెట్టుకున్నారు. జపాన్‌కు చెందిన మేరీ కోండో దీనిపై 2011లో రాసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్లింది. మన దేశంలోని పెద్ద నగరాల్లో కూడా ఈ పని చేసేవారున్నారు.

పని తీరు

ఇది ఊడ్చి తుడిచే పని కాదు, నిర్ణయాలు చేయించే పని. ఒకేసారి ఇల్లంతా పీకి పెట్టకూడదు. ఒక బీరువా లేదా ఒక అటక తీసుకోవాలి. అందులోవన్నీ బయటపెట్టి నాలుగు కుప్పలు చేయాలి: ఉంచేవి, ఇచ్చేసేవి, అమ్మేవి, పారేసేవి. ఏది ఏ కుప్పలోకో చెప్పాల్సింది ఇంటివారే. ఉంచేవాటికి చోటు చూపడం మన వంతు. రోజూ వాడేవి చేతికందే ఎత్తులో, బరువైనవి కింద, పండుగలకు మాత్రమే తీసేవి అటక మీద పెట్టి, డబ్బాలకు పేర్లు అంటించాలి. పాస్ పుస్తకాలు, సర్టిఫికెట్లు, బీమా బాండ్లు వేర్వేరు ఫైళ్లలో ఉంచి, ఏది ఎక్కడుందో ఒక కాగితంపై రాసివ్వాలి.

ఒక్క ట్రంకు పెట్టెలో ఏడాది బతుకంతా సర్దుకున్న మనకు ఈ విద్యలో సగం వచ్చినట్టే.

పెట్టుబడి, లెక్కలు

కొలతల టేపు, నోటుపుస్తకం, స్కెచ్ పెన్నులు, లేబుళ్లు, ఫోను ఉంటే చాలు. డబ్బాలు ముందే కొనరాదు. సామాను తగ్గాక ఎన్ని కావాలో తెలుస్తుంది. మొదట ఇల్లు చూసి, ఎన్ని గంటలు పడుతుందో అంచనా వేసి, రుసుము కాగితంపై రాసివ్వాలి. ఉదాహరణకు గంటకు 200 రూపాయల చొప్పున 6 గంటలకు 1,200 వస్తే, దారిఖర్చు, లేబుళ్లకు 200 పోగా మిగిలేది 1,000. అంచనాకోసం ఇల్లు చూసి వచ్చిన సమయాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి.

2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్‌తో పాటు పాన్ కూడా ఉండాలి. దళారులకు డబ్బివ్వకండి. పని పెరిగాక అప్పు అవసరమైతే, 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ ఆస్తి లేకుండా అడగవచ్చు.

నమ్మకం

బంగారం, నగదు ముందే తీసి దాచుకోమని ఇంటివారికి చెప్పాలి. అనుమతి లేకుండా ఫోటోలు తీయరాదు. ఆ ఇంట్లో చూసినవి బయట మాట్లాడరాదు. ఇద్దరు కలిసి వెళ్లడం మంచిది. ముఖ్యంగా సోదరీమణులు ఏ ఇంటికి వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.

గౌరవం సంగతి

"చదువుకుని పరాయి ఇళ్లు సర్దడమా?" అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్నలోని బాధ మనకు తెలుసు. మన అమ్మలు, అమ్మమ్మలు పరాయి వాకిళ్లు ఊడ్చింది ఇష్టపడి కాదు. వారికి ధర చెప్పే హక్కు లేదు, కాదనే హక్కు అంతకన్నా లేదు. ఇక్కడ ధర మనది, వేళ మనది, ఒప్పందం కాగితం మీద ఉంటుంది. ఒప్పుకోని పని చెబితే కాదనండి. వేరే గ్లాసులో మంచినీళ్లిస్తే, ఎంత రుసుమైనా సరే, ఆ ఇంటి గడప దిగి రండి. ఆత్మగౌరవం పోగొట్టుకుని సంపాదించేది ఉపాధి కాదు.

సాధన కోసం ముందుగా మన హాస్టల్ స్టోరు రూము, లైబ్రరీ అల్మరాలు సర్ది చూడండి. పట్టణాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులారా! మొదటి అవకాశం మీ ఇంటినుంచే ఇవ్వండి, కానీ ఉచితంగా మాత్రం చేయించుకోకండి. తమ్ముడికో, చెల్లికో మీరిచ్చే మొదటి రుసుమే వారికి అసలైన ధైర్యం.