పాత కంప్యూటర్‌ని పరిగెత్తిస్తే?

మీ వీధిలో ఎవరైనా ఇంటికి స్లాబు పోస్తుంటే ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. కింద మిక్సర్ దగ్గర నుంచి పైకప్పు దాకా కూలీలు వరసగా నిలబడతారు. కాంక్రీటు తట్ట ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోతూ ఉంటుంది. మేస్త్రీ తొందరపెడితే కొంతవరకు పని వేగం పెరుగుతుంది. ఆపైన? వరసలో అందరికంటే నెమ్మదైన మనిషి చేతులు ఖాళీ కాకముందే రెండో తట్ట వచ్చి పడుతుంది. కాంక్రీటు నేలపాలు!

కంప్యూటర్‌లోని ప్రాసెసర్ కూడా ఇలాగే పనిచేస్తుంది. అక్కడ తట్టలకు బదులు విద్యుత్ సంకేతాలు. మేస్త్రీకి బదులు ఒక క్వార్ట్జ్ స్ఫటికం. చేతి గడియారంలో ఉండే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చాలా పాత మదర్‌బోర్డుల మీది ప్రధాన స్ఫటికం సుమారు కోటీ 43 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ కంపనాల ఆధారంగా ఒక చిప్పు ఇంకా వేగమైన స్పందనలను తయారుచేస్తుంది. ప్రాసెసర్ వాటిని మళ్ళీ హెచ్చవేసుకుంటుంది.

మా ఇంటి కంప్యూటర్ సంగతే చెబుతాను. 2008లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, మెదక్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, నేనే బిగించాను. అందులో ఉన్నది ఇంటెల్ పెంటియం డ్యుయల్ కోర్ ఇ2160 ప్రాసెసర్. దానికి అందే స్పందనలు 200 మెగాహెర్ట్జ్, హెచ్చించే సంఖ్య 9. అంటే 1800 మెగాహెర్ట్జ్. ఆ 9ని పైకి మార్చనివ్వరు. కానీ 200ని మార్చవచ్చు!

ఎక్కడ మార్చాలి? కంప్యూటర్ మీట నొక్కగానే అన్నిటికంటే ముందు మేలుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. దాని పేరు బయోస్. చాలా పాత యంత్రాల్లో ఆ క్షణంలో డిలీట్ మీట నొక్కితే దాని పట్టికలు తెర మీదికి వస్తాయి. అక్కడ స్పందనల వేగం, వోల్టేజి, మెమరీ వేగం కనిపిస్తాయి. మనం మార్చిన అంకెలను 3 వోల్టుల గుండీ బ్యాటరీ గుర్తు పెట్టిస్తుంది.

ఇది కొత్త విద్య కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌కు 66కి బదులు 100 మెగాహెర్ట్జ్ స్పందనలు ఇచ్చి, 300ని 450 చేసుకున్నవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు.

నేను 2023 డిసెంబరులో ఆ పని మొదలుపెట్టాను. పాత అంకెలన్నీ కాగితం మీద రాసుకున్నాను. (ఇది మరిచారో, వెనక్కి రావడం కష్టమవుతుంది.) 200ని అయిదేసి చొప్పున పెంచుతూ, పెంచినప్పుడల్లా పరీక్షిస్తూ 300 దాకా వెళ్ళాను. 2700 మెగాహెర్ట్జ్! ఆ వేగంలో ఒక స్పందనకూ ఇంకొకదానికీ మధ్య 0.37 నానోసెకను మాత్రమే. అంతలో కాంతి కూడా 11 సెంటీమీటర్లకు మించి పోలేదు. వోల్టేజి 1.25 నుంచి 1.35 చేయవలసి వచ్చింది. పని వేగం పెరిగిందా అంటే, నిజంగానే పెరిగింది. నా ఆనందానికి మేర లేదు.

ఏప్రిల్ వచ్చింది. పదో తరగతి తప్ప మిగతా తరగతుల మార్కులు ఎక్కిస్తున్నాను. యంత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కరెంటు తేడా అనుకున్నాను. మర్నాడు మళ్ళీ అదే తంతు. వైరస్ అనుకున్నాను. మూడోసారి ఆగినప్పుడు మార్కుల ఫైలు తెరుచుకోనే లేదు. రిజిస్టర్లు ముందు వేసుకుని అన్నీ మొదటి నుంచి ఎక్కించాలి. మార్కులు చదివిపెట్టడానికి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది, "సార్, ఇది పొద్దున ఆగదు, మధ్యాహ్నమే ఎందుకు ఆగుతుంది?"

నాకు తట్టని ప్రశ్న అది! ఆ గదికి పైన రేకులు.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రాసెసర్‌లో పుట్టే వేడి వేగంతోపాటు పెరుగుతుంది. వోల్టేజితో అయితే దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు. వోల్టేజి 1.08 రెట్లు, దాని వర్గం సుమారు 1.17. రెండూ గుణిస్తే 1.75. వేగం సగం పెరిగితే వేడి ముప్పాతిక పెరిగిందన్నమాట. ఆ వేడిని ఫ్యాను గదిలోని గాలికే కదా ఇవ్వాలి? డిసెంబరు రాత్రి గది 20 డిగ్రీలు, పరీక్షలో ప్రాసెసర్ 58 డిగ్రీలు. తేడా 38. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద 40 డిగ్రీలు. అదే తేడా కలిపితే 78! రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. చిప్పులోని సన్నని తీగలు రాగివే. ట్రాన్సిస్టర్లూ వేడికి మందగిస్తాయి. అంటే మేస్త్రీ అదే తొందరలో ఉన్నాడు, కూలీలేమో ఎండకు సొమ్మసిల్లారు.

తయారుచేసినవాళ్ళు 1800 దగ్గర ఆగింది పిసినారితనంతో కాదు. మండే గదిలో, హెచ్చుతగ్గుల కరెంటుతో, ఏళ్ళ తరబడి తప్పు లేకుండా నడవాలని కొంత వెసులుబాటు ఉంచారు. మెదక్ వేసవి కోసం దాచిన దాన్ని నేను డిసెంబరులో ఖర్చుపెట్టేశాను.

ఇంతకంటే భయపడవలసింది ఇంకొకటి ఉంది. యంత్రం ఆగిపోతే తెలుస్తుంది. ఆగకుండా ఎక్కడో ఒక అంకె తప్పు వేస్తే? అందుకే ప్రైమ్95 అనే ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తారు. ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టిన ప్రోగ్రామ్ అది. జవాబు ముందే తెలిసిన పెద్ద లెక్కలు గంటల తరబడి చేయించి సరిపోల్చుకుంటుంది. నేనూ చేయించాను. కాని డిసెంబరు రాత్రి చేయించాను!

ఈ ప్రయోగం బడి కంప్యూటర్ మీదా, ఇంట్లో అందరికీ ఉన్న ఒక్కగానొక్క కంప్యూటర్ మీదా చేయకండి. మూలన పడ్డ పాతది ఉంటే ముందు దుమ్ము దులపండి. ప్రాసెసర్‌కూ దాని మీది లోహపు దిమ్మకూ మధ్య ఎండిపోయిన పేస్టు తీసి కొత్తది రాయండి. వోల్టేజి జోలికి పోకండి. అంకెలు మార్చాక తెర వెలగకపోతే కంగారు పడవద్దు. ప్లగ్గు పీకి, గుండీ బ్యాటరీని కొద్దిసేపు తీసిపెడితే మామూలుగా బయోస్ మొదటి అంకెలకు తిరిగి వస్తుంది. కొత్త ప్రాసెసర్లకు ఈ బాధ తక్కువ. చల్లగా ఉంటే తామే వేగం పెంచుకుంటాయి, వేడెక్కితే తగ్గించుకుంటాయి.

మా యంత్రం ఆ వేసవిలో 200కే వచ్చింది. తర్వాతి చలికాలంలో వోల్టేజి ముట్టకుండా 266కి పెంచాను. పెట్టె లోపల ఒక చీటీ అంటించాను: "డిసెంబరు 266, మార్చి 200."

అంకెలేవీ మార్చకుండానే మీరు చేయగలిగింది ఒకటుంది. బయోస్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపే పేజీ ఉంటుంది. పొద్దున 7 గంటలకూ మధ్యాహ్నం 2 గంటలకూ కంప్యూటర్ వేసి, పదేసి నిమిషాలు ఆ పేజీలోనే ఉంచి, ఆ అంకెనూ గోడ మీది థర్మామీటరు అంకెనూ పక్కపక్కన రాయండి. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి, రెండు పూటల తేడాలూ దగ్గరగా ఉన్నాయేమో చూడండి.